లాకుల నుంచి ఫతే మైదాన్ దాకా

'తాతయ్యా, నువ్వు ఎన్ని గోల్స్ కొట్టావ్?'

దుగ్గిరాల లాకుల దగ్గర గట్టు మీద కూర్చుని మావాడు అడిగాడు. సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చాం. వాడికి పన్నెండేళ్లు, మా నాన్నకి డెబ్భై ఆరు. తాతయ్య హైస్కూలు టీములో ఫుట్‌బాల్ ఆడాడన్న సంగతి ఆ రోజు పొద్దున్నే అరిసెలు తింటుండగా మా అమ్మ నోటి వెంట బయటపడింది. అప్పట్నుంచీ వాడు నాన్నను వదిలిపెట్టలేదు.

నాన్న కాలువలోకి చూస్తూ, 'ఒక్కటీ కొట్టలేదురా' అన్నాడు.

'ఒక్కటి కూడానా?'

'ఊహూ. నేను బ్యాకుని.'

మావాడి మొహం అప్పుడు చూడాలి! కరెంటు పోయిన ఇల్లులా అయిపోయింది. వాడి బాధేమిటో నాకు తెలుసు. దసరా సెలవుల తర్వాత అకాడమీలో కోచ్ వాణ్ని ఫార్వర్డ్ నుంచి డిఫెన్స్‌కి మార్చాడు. అది మొదలు ఒకటే గొడవ. 'అక్కడ నిలబడితే నన్నెవరు చూస్తారు డాడీ? గోల్ కొట్టినవాణ్నే అందరూ ఎత్తుకుంటారు. నేనింక మానేస్తా' అంటాడు. ఫీజు ఆర్నెల్లకు ముందే కట్టేసిన తండ్రిగా నా బాధ నాది.

తీరా తాతయ్య కూడా అదే జాతి అని తేలింది.

తెనాలి నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్లేవాళ్లకి దుగ్గిరాల అంటే ఓ చిన్న స్టేషను, అంతే. రైతులకీ వ్యాపారులకీ మాత్రం దుగ్గిరాల అంటే పసుపు. పసుపులో ఓ రకానికి ఈ ఊరి పేరే ఉంది. సంక్రాంతి వెళ్లిందంటే చేలల్లో తవ్వకాలు మొదలవుతాయి. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, కళ్లాల్లో ఆరబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టి, కొమ్ములు వేరు, కాయ వేరు చేసి గోతాల్లో యార్డుకి తెస్తారు. ఆ నాలుగు నెలలూ ఊళ్లో గాలి వాసనే వేరు. నాన్న నలభై ఏళ్లకు పైగా ఓ పసుపు కొట్లో గుమాస్తాగా చేశాడు. ఆయన తెల్ల చొక్కాలు దేనికీ తెల్లగా ఉన్న జ్ఞాపకం నాకు లేదు.

ఊరికి రెండో గుర్తు ఈ లాకులు. బెజవాడ దగ్గర కృష్ణ నుంచి బయల్దేరిన పడమటి కాలువ ఇక్కడికొచ్చి పాయలవుతుంది. కొమ్మమూరు కాలువ దారి పట్టి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలిసి, ఒకప్పుడు పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. నాన్న చిన్నప్పుడు తెరచాప దించుకుని లాకుల్లోకి వచ్చే పడవల్ని చూడ్డానికి బడి ఎగ్గొట్టి వచ్చేవాడట. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసేస్తారు. నీళ్లు రెండు పక్కలా ఒకే మట్టానికి వచ్చేదాకా ముందు తలుపు తియ్యరు. 'లాకు మనిషికి తొందర పనికిరాదు. పడవవాడు ఎంత అరిచినా సరే, నీళ్లు సమానమయ్యేదాకా ఆగాల్సిందే' అని నాన్న చెప్పుకుపోతున్నాడు. మావాడు వినడం లేదు. చెప్పులతో గట్టు మీది గడ్డిని తన్నుతూ కూర్చున్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న అటక మీద నుంచి ఓ రేకు పెట్టె దింపించాడు. దాన్లో పాత చిట్టా పుస్తకాలు, రసీదులు. అడుగున అట్ట ఊడిపోయిన ఓ నోటుపుస్తకం. ఓ పేజీ తీసి మనవడి ముందు పెట్టాడు. నీలం సిరాతో రాసిన నాలుగు ముక్కలు...

'డిసెంబరు 1970. బ్యాంకాక్. ఏషియా క్రీడలు. ఇండియా 1 - జపాన్ 0. మూడో స్థానం. కెప్టెన్ నయీముద్దీన్, హైదరాబాద్.'

అప్పుడు నాన్నకి ఇరవై రెండేళ్లు నిండలేదు. కొత్తగా కొట్లో చేరాడు. గ్రంథాలయంలో పేపరు చూశాడు. చింపుకుందామంటే లైబ్రేరియన్ ఎదురుగానే ఉన్నాడు. అందుకని ఎక్కించుకున్నాడు.

నేను ఇంకోటి గమనించాను. ఆ స్కోరులో ఒకటి చుట్టూ గీత లేదు. సున్నా చుట్టూ ఉంది. ఎర్ర పెన్సిల్‌తో, రెండుసార్లు.

'సున్నాకెందుకు చుట్టావ్ తాతయ్యా?'

'అది నయీముద్దీన్‌ది గనక. ఒకటి ఎవడో ఫార్వర్డ్ కొట్టాడు. సున్నా మాత్రం బ్యాకులది, గోలీది.'

మావాడు ఆ పేజీని కాసేపు చూశాడు. 'ఎవరా నయీముద్దీన్?' అన్నాడు.

డెబ్భై ఆరేళ్ల మనిషి నాకేసి తిరిగి, 'ఒరేయ్, మీతోపాటు నేనూ హైదరాబాదు వస్తున్నా. వీడికి ఫతే మైదాన్ చూపించాలి' అన్నాడు. మోకాళ్ల నొప్పులని పెళ్లిళ్లకు కూడా రానివాడు! అమ్మ నోరు తెరిచి చూసింది. తర్వాత కారప్పూస డబ్బా సర్దడం మొదలుపెట్టింది.

రైలు కదిలాక...

దుగ్గిరాల నుంచి బస్సులో తెనాలి వెళ్లి, గుంటూరు, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా పోయే రైలెక్కాం. గుంటూరు దాటేదాకా పొలాలే. మినుము, పెసర, అక్కడక్కడా మొక్కజొన్న. నాన్న కిటికీ పక్కన, మావాడు ఆయనకి ఎదురుగా. నేను ఫోన్లో అవీ ఇవీ వెతికి పెట్టుకున్న సంగతులు అందిస్తుంటే, నాన్న వాటికి తన లెక్కలు జోడిస్తూ వచ్చాడు.

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటి హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అంటే ఇప్పటి క్రికెట్టే. కాస్త ఎక్కువే అనుకోండి. ఆ వేడికి కారణం ఒకాయన. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యురాండ్ కప్పు ఎగరేసుకుపోయింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోదే. ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక కొందరికి ఆ పేరు తెలిసింది. అజయ్ దేవగణ్ చేశాడు గనక మావాడికీ తెలుసు.

రహీం పద్ధతులు చిత్రంగా ఉండేవి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగిలిందా, ఇంకొకడికి అందించెయ్యాలి. బలంలేని కాలితోనే తన్నాలన్న పోటీలు ఇంకొన్ని.

'మా డ్రిల్లు మాస్టారు కూడా అంతే' అన్నాడు నాన్న ఉన్నట్టుండి. 'ఎక్కడ నేర్చుకొచ్చాడో ఏమో... కుడికాలు తగిలితే ఫౌల్ అనేవాడు. వారం రోజులు ఎడంకాలితో తన్నీ తన్నీ రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. మీ నాయనమ్మ ఆముదం కాచి రాసేది' అని నాకేసి చూశాడు.

ఆ రోజుల్లో జట్టు లెక్క కూడా వేరు. రైటౌటు, రైటిన్ను, సెంటర్ ఫార్వర్డు, లెఫ్టిన్ను, లెఫ్టౌటు... ముందు ఐదుగురు. వాళ్ల వెనక హాఫ్‌బ్యాకులు. అందరికీ వెనక బ్యాకులు, ఆ తర్వాత గోలీ. ఊళ్లో కాస్త నాజూగ్గా, చురుగ్గా ఉండేవాళ్లంతా ముందుకి. పొడుగ్గా, మొండిగా ఉండేవాళ్లు వెనక్కి. నాన్న మొండివాడన్నది మా ఇంట్లో కొత్తగా తెలుసుకోవాల్సిన విషయం కాదు.

మావాడు తన అస్త్రం తీశాడు. 'డిఫెండర్‌గా పెద్దవాళ్లయినవాళ్లు ఎవరున్నారు చెప్పు తాతయ్యా.'

నేను జకార్తా కథ చెప్పాను. 1962 జట్టులో జర్నైల్ సింగ్ డిఫెండర్. మధ్యలో ఓ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటి మనిషిని రహీం సెమీఫైనల్‌కి ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. అక్కడా గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మొదటి గోల్ పీకే బెనర్జీది.

'చూశావా, ఫార్వర్డ్‌గా మారాకే కదా పేరొచ్చింది!' అన్నాడు మావాడు. నా కథ నాకే అడ్డం తిరిగింది. నాన్న నవ్వుతూ కారప్పూస డబ్బా మూత తీశాడు.

అప్పుడాయన చెప్పాడు. నల్గొండ ఇంకా రాలేదు. రాళ్ల గుట్టలు మొదలయ్యాయి. ఈ కథ నాకు కూడా తెలియదు. బహుశా అమ్మకీ తెలియదు.

తెనాలిలో ఏదో స్కూళ్ల పోటీ. స్కోరు సమానంగా ఉంది. ఆట ముగియబోతోంది. అవతలి రైటౌటు బంతి తీసుకుని వస్తున్నాడు. వాడు ఆఫ్‌సైడ్ అని నాన్నకి గట్టి నమ్మకం. చెయ్యెత్తి, లైన్‌మన్ జెండా ఎత్తాడేమోనని తల తిప్పి చూశాడు. ఒక్క క్షణం. జెండా ఎత్తలేదు. మళ్లీ తల తిప్పేసరికి బంతి దాటిపోయింది. ఓడిపోయారు.

'ఎవరన్నా తిట్టారా?'

'ఎవరూ ఏమనలేదు. మాస్టారు మాత్రం, విజిల్ వినబడేదాకా తల తిప్పకూడదురా అన్నాడు. అంతే. ఆ తర్వాత జిల్లా సెలెక్షన్‌కి గుంటూరు రమ్మని కబురొచ్చింది. నేను పోలేదు.'

'ఎందుకు పోలేదు?'

'మీ ముత్తాత పసుపు ఉడకేసే రోజులన్నాడు. పనివాళ్లు తక్కువున్నారు. అదొక సాకు దొరికింది నాకు...'

కాసేపాగి, 'ఎన్నో ఆపా. ఒక్కటి గుర్తులేదు. ఆ ఒక్క రైటౌటుగాడు మాత్రం ఇప్పటికీ ఎదురుగా వస్తానే ఉంటాడు' అన్నాడు.

మావాడు డబ్బాలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

మైదానాల ఊరు

సికింద్రాబాద్‌లో దిగి ఇంటికి వెళ్లి, మర్నాడు పొద్దున్నే క్యాబ్‌లో బయల్దేరాం. నాన్న ముందు గోషామహల్ పోదామన్నాడు. అక్కడ పోలీసు మైదానం ఉందని ఆయనకి ఎవరో చెప్పారు. నిజమే, గోషామహల్ పోలీస్ స్టేడియం చాలాకాలం ఈ పాతబస్తీ అంచులో అంత పెద్ద ఖాళీ జాగా. 2025 జనవరి 31న ఆ జాగాలోనే ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనాలకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి అవసరమే. పాత ఉస్మానియా భవనం పరిస్థితి తెలిసినవారెవరూ కాదనరు. అయినా సిటీ పోలీస్ అన్న పేరుని అరవయ్యేళ్లుగా మనసులో పెట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని అటు వెళ్లినప్పుడు ఏదోలా ఉంటుంది. నాన్న కారు దిగలేదు. 'పోనీ' అన్నాడు డ్రైవర్‌తో.

ఫతే మైదాన్ మాత్రం ఉంది. గోల్కొండ ముట్టడి నాడు ఔరంగజేబు సైన్యం విడిది చేసిన చోటని, విజయం తర్వాత ఆ పేరొచ్చిందని చెబుతారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. నిజాం కాలేజీ పక్కన, అసెంబ్లీకి కూతవేటు దూరంలో... మనందరికీ అది ఎల్బీ స్టేడియం. ఎన్నికల సభలు, ప్రమాణ స్వీకారాలు టీవీలో చూసి చూసి అది ఆటస్థలమన్న సంగతి సగం మరిచిపోయాం. చుట్టూ క్రీడా సామాన్ల దుకాణాలున్నాయి గనక సరిపోయింది. మావాడు బూట్ల దుకాణం అద్దాల ముందు ఆగిపోయాడు.

'మనవాళ్లు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా దిగార్రా' అన్నాను.

'గెలిచారా?'

'యుగోస్లేవియా మీద 10-1తో ఓడిపోయారు.'

వాడు బూట్లవైపే మళ్లీ చూశాడు. ఆ దెబ్బ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. హెల్సింకి వెళ్లిన హైదరాబాదీల్లో అజీజుద్దీన్ అనే బ్యాక్ ఉన్నాడు. పది గోల్స్ పడ్డ జట్టులో బ్యాక్‌గా ఉండటమంటే ఏమిటో ఊహించుకోండి. ఆ మనిషి ఆట మానెయ్యలేదు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టులోనూ ఉన్నాడు. ఈ సంగతి విన్నాక నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తెనాలి రైటౌటు గుర్తొచ్చాడేమో.

సరే, నయీముద్దీన్ దగ్గరికి వద్దాం. 1960ల మొదట్లో ఆయన సిటీ పోలీస్ జట్టులోకి వచ్చారు. 1963 జూన్ 11న రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. అంటే గురువుగారి ఆఖరి రోజుల నాటి పంట అన్నమాట. అప్పట్లో ఫుట్‌బాల్ ఒక్కదాని మీదే బతకడమన్నది మన దగ్గర లేదు. పోలీసు శాఖో, రైల్వేనో, బ్యాంకో ఉద్యోగమిస్తే, సాయంత్రం ఆట. ఆటని అచ్చంగా వృత్తిగా చూడాలంటే ఒకటే దారి... కలకత్తా. అక్కడ మైదాన్‌లో అభిమానుల ముందు ఆడే పెద్ద క్లబ్బులు మూడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్. 1960ల మధ్యలో నయీముద్దీన్ ఆ రైలెక్కారు. హబీబ్ కూడా ఆ రోజుల్లోనే వెళ్లారు. నయీముద్దీన్ మూడు క్లబ్బులకూ ఆడారు. ఈస్ట్ బెంగాల్ నుంచి మోహన్ బగాన్‌కి మారడమంటే కలకత్తాలో మామూలు విషయం కాదు. మన దగ్గర ఒక హీరో అభిమాన సంఘం వదిలి ఇంకో హీరో సంఘంలో చేరడం కన్నా పెద్ద నేరం. అయినా మూడు చోట్లా కావలసినవాడయ్యారంటే స్టాపర్ బ్యాక్‌గా ఆయన ధర ఏమిటో అర్థమవుతుంది.

స్టాపర్ అంటే పేరులోనే ఉంది, ఆపేవాడు. అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని కాచుకోవాలి. గాల్లో వచ్చే బంతిని తలతో తిప్పికొట్టాలి. పక్క బ్యాక్ ముందుకి వెళితే వాడి ఖాళీ చూసుకోవాలి. నోరు ఎప్పుడూ ఆడుతూ ఉండాలి, ఎవడు ఎక్కడున్నాడో అందరికీ చెబుతూ. గోలీ తర్వాత మైదానమంతా ఎదురుగా కనపడేది అతనికే. అందుకే చాలా జట్ల కెప్టెన్లు వెనక నుంచే వస్తారు.

1970 డిసెంబరులో బ్యాంకాక్ వెళ్లిన జట్టుకి నయీముద్దీన్ కెప్టెన్. హబీబ్ కూడా ఆ జట్టులో ఉన్నారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో 2-0తో ఓడిపోయారు. ఇక మూడో స్థానం కోసం జపాన్. ఆ జపాన్ సామాన్యమైంది కాదు, రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అలాంటి జట్టుని మనవాళ్లు సున్నా దగ్గర ఆపారు. నాన్న పుస్తకంలో ఎర్ర పెన్సిల్ గీసింది దీనికే. ఆ తర్వాత ఏషియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇంతవరకూ మరో పతకం రాలేదు. యాభై ఏళ్లు దాటిపోయాయి.

ఎల్బీ స్టేడియం గేటు దగ్గర కాపలా మనిషి 'లోపల ఏం లేదు సార్' అన్నాడు. నాన్న పేద్ద కథ మొదలుపెట్టాడు. దుగ్గిరాల నుంచి వచ్చానని, ఫుట్‌బాల్ ఆడానని, మనవడికి చూపించాలని. ఆయనేమనుకున్నాడో, 'పది నిమిషాలు' అన్నాడు. మెట్లెక్కి కూర్చున్నాం. గడ్డి మీద ఎవరో పిల్లలు పరుగు పందెం సాధన చేస్తున్నారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 'ఎంత పెద్దగా ఉంటుందో అనుకున్నా. మామూలుగానే ఉంది' అన్నాడు చివరికి. అందులో నిరాశ లేదు. ఇక్కడ మనం కూడా ఆడగలిగేవాళ్లం సుమా అన్నట్టుంది.

ముందు గురువు, తర్వాత ఆటగాడు

నయీముద్దీన్ జీవితంలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఆయన అవార్డుల వరస. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య 1990లో వచ్చింది. ఫుట్‌బాల్ కోచ్‌లలో దాన్ని అందుకున్న మొట్టమొదటి వ్యక్తి ఆయనే. ఆటగాళ్లకిచ్చే అర్జున మాత్రం 1997లో వచ్చింది. అంటే కెప్టెన్‌గా కాంస్యం తెచ్చిన ఇరవై ఏడేళ్లకి! గురువుగా గుర్తించిన ఏడేళ్లకి 'అవునూ, ఈయన ఆడాడు కూడా కదా' అని గుర్తొచ్చిందన్నమాట. జర్నైల్ సింగ్‌కి అర్జున 1964లోనే ఇచ్చారు కాబట్టి డిఫెండర్లందరికీ ఇలాగే జరిగిందని అనను. కానీ స్కోరు కార్డులో పేరు పడని మనిషి ఇలా మరుగున పడటం నాకు పెద్ద ఆశ్చర్యమేమీ కాదు.

కోచ్‌గా ఆయన రికార్డు చూడండి. 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో డ్యురాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది ఆయన చేతి కిందే. 1997లో కఠ్మాండూలో, 2005లో కరాచీలో భారత్ దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడు కోచ్ ఆయనే. రెండోది పాకిస్థాన్ గడ్డ మీద, ఫైనల్లో బంగ్లాదేశ్‌పై 2-0. ఇక్కడా ఓ సున్నా ఉంది చూశారా! ఆ తర్వాత బంగ్లాదేశ్‌ జాతీయ జట్టుకీ పనిచేశారు. క్రమశిక్షణ విషయంలో నిప్పు అని ఆయనకి పేరు. తిండి, నిద్ర, వేళకి రావడం... ఎక్కడా రాజీ లేదు. కుర్రాళ్లలో కొందరికి అది మింగుడుపడేది కాదు. 2006లో ఓటములు వరసగా వచ్చాక జాతీయ జట్టు బాధ్యత ఇంగ్లండ్‌కి చెందిన బాబ్ హాటన్‌కి వెళ్లిపోయింది. అంత కటువుగా ఉండటం వల్ల కొంత నష్టపోయారేమో కూడా. లాకు మనిషి మీద పడవవాళ్లు అరవకుండా ఉంటారా మరి.

తోటివాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. పేపర్లు రాశాయి. మర్నాటికి మరిచిపోయాం.

ఆ సాయంత్రం మావాడి ప్రాక్టీసుకి నాన్న కూడా వచ్చాడు. మా ఇల్లు గచ్చిబౌలి వైపు. దారిలో బాలయోగి స్టేడియం కనపడితే మావాడు తన పరిజ్ఞానం విప్పాడు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో. ఈ స్టేడియమే ఆ జట్టుకి సొంత ఊరు. 2025లో ఆ క్లబ్బుని ఢిల్లీ తరలించేశారు, పేరు కూడా మార్చారు.

'ఆ టీములో బ్యాకులెవరు?' అన్నాడు నాన్న.

వాడు గడగడా చెప్పాడు. ఆశిష్ రాయ్ సిక్కిం, చింగ్లెన్‌సనా మణిపూర్, హువానన్ స్పెయిన్, ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్.

'మనవాళ్లు?'

వాడు ఆలోచించాడు. 'వెనకైతే ఎవరూ లేరు తాతయ్యా.'

ఒకప్పుడు కలకత్తాకి ఆటగాళ్లని పంపిన ఊరు ఇది. 1965-66లో సంతోష్ ట్రోఫీ మన ఆంధ్రప్రదేశ్‌ది. అంతకుముందు హైదరాబాద్ పేరుతో వరసగా రెండేళ్లు. ఏమైందీ అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. పోలీసు శాఖ ఆటగాళ్లని తీసుకోవడం తగ్గించిందని ఒకరు. 1983 తర్వాత పిల్లలంతా క్రికెట్ బ్యాటు పట్టారని ఒకరు. నాకైతే గోషామహల్ చూశాక మైదానాల మాటే నిజమనిపిస్తుంది. వారానికి మూడు గంటలు వలల మధ్య అద్దె గడ్డి మీద ఆడే మావాడికి, పొద్దు కుంకేదాకా పరిగెత్తిన ఆ కుర్రాళ్లకి పోటీ ఎక్కడ? ఊళ్లల్లో మైదానాలు ఇంకా ఉన్నాయి. ఆడేవాళ్లు లేరు. అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల అకాడమీ లాంటివి ఎక్కడో ఒకటి.

నాన్న కుర్చీ వేయించుకుని గట్టు మీద కూర్చున్నాడు. మావాడు వెనక లైన్లో నిలబడ్డాడు, మొహం ముడుచుకునే. పావుగంట తర్వాత అవతలి పిల్లాడొకడు బంతితో దూసుకొచ్చాడు. మావాడు చెయ్యెత్తి, 'ఆఫ్‌సైడ్!' అని అరుస్తూ కోచ్ వైపు తల తిప్పబోయాడు. సగంలో ఆగిపోయాడు. తిరిగి చూసి, కాలు చాచి బంతిని బయటికి తన్నేశాడు. త్రో-ఇన్. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాడి జట్టువాళ్లు కూడా వాడివైపు చూడలేదు.

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మోకాలు పట్టేసినట్టుంది, నా భుజం పట్టుకున్నాడు.

పండగ వెళ్లి నెల దాటింది. నాన్న దుగ్గిరాల వెళ్లిపోయాడు. మావాడు మానేస్తానన్న మాట ఎత్తడం లేదు. అలాగని డిఫెన్స్ ఇష్టమని కూడా అనడం లేదు. మొన్న ఆదివారం వాళ్ల అకాడమీకి మ్యాచ్ జరిగింది. 2-1తో ఓడిపోయారు. రాత్రి తాతయ్యకి ఫోన్ చేసి, ఆ రెండో గోల్ తన వైపు నుంచి ఎలా దాటిపోయిందో వివరించడం మొదలుపెట్టాడు. అవతలివాడు ఎక్కడున్నాడు, తను ఎన్ని అడుగులు ముందుకొచ్చాడు, గోలీ ఎందుకు పిలవలేదు... గోడకి ఆనుకుని, ఖాళీ చేత్తో గాల్లో గీతలు గీస్తూ. నలభై నిమిషాలు.

తర్వాత ఫోన్ నాకిచ్చాడు. నాన్న గొంతు హుషారుగా ఉంది. 'వాణ్ని తొందరగా పడుకోమను. ఇక్కడ పసుపు ఉడకేస్తన్నారు, ఊరంతా పొగ' అన్నాడు.